నొక్కి చూడని బటన్

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున మూడు మెసేజీలు వచ్చాయి. నీళ్ల లారీ ఆలస్యమవుతుందని ఒకటి, రెండో లిఫ్టు పనిచేయడం లేదని ఒకటి, మూడో అంతస్తు పెద్దాయన తెల్లవారుజామున పోయారని ఒకటి. షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని చదివాను. ఆయన పోయారన్న మెసేజీ కింద ఎవరో, లిఫ్టు ఎప్పటికి బాగవుతుందని అడిగారు. వాళ్లని నాలుగు తిట్లు టైపు చేసి, చెరిపేసి, క్యాబ్ దిగి ఆటోలో వెనక్కి వచ్చాను. అప్పటికే ఆయన్ని హాల్లో చాప మీద పడుకోబెట్టారు. మధ్యాహ్నం మెట్ల మీదుగా దించి తీసుకెళ్లారు.

ఆయన నాకు బంధువు కాదు, గోడ అవతలి మనిషి. నేను గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం ఈ తమిళ నగరానికొచ్చిన సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఆయనది ఎన్నో తరాల కిందట ఇక్కడి సౌకార్‌పేటలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. బాబాయిగారు అని పిలిచేదాన్ని, ఆయన భార్యని పిన్నిగారు అని. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఒక చిన్న పని చేసిపెడతానని ఆయనకు మాటిచ్చి చెయ్యలేదు, చెయ్యకూడని పని ఒకటి అడగకుండానే చేశాను. అందుకే రాస్తున్నాను.

మా పరిచయం పోట్లాటతో మొదలవ్వాల్సింది. ప్రతి ఆదివారం పొద్దున గోడ అవతల నుంచి జెట్ విమానం చప్పుడు. కొన్నిసార్లు సన్నటి కూత ఒకటి వచ్చి విమానం గర్జిస్తూ పైకి పోయేది. కొన్నిసార్లు కూత ఉండేది కాదు, ఢాం అని కూలేది. వెంటనే వంటింట్లోంచి ఒక ఆడగొంతు ఏదో అడిగేది, మగగొంతు ఏదో చెప్పేది. మూడు ఆదివారాలు ఓర్చుకున్నాను. నాలుగోసారి జుట్టు ముడేసుకుని వెళ్లి బెల్లు కొట్టాను. పిన్నిగారు తలుపు తీసి నా మొహం చూడగానే, లోపలున్నారు నువ్వే చెప్పు, నేను చెప్పి చెప్పి అలిసిపోయానని దారి ఇచ్చారు.

లోపల బనియను, పంచెతో ఒక పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా పెద్ద తెర, చేతిలో జాయ్‌స్టిక్. పక్కన ప్లైవుడ్ పెట్టె మీద ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో కొన్న స్విచ్చులు వరసగా బిగించి, ఒక్కోదాని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో పేర్లు రాసుకున్నారు: రేడారు, గురి అద్దం, బాంబులు, ఆయుధాల మెయిన్. నేను నోరు తెరిచేలోపే, "అమ్మాయ్, నువ్వు కంప్యూటర్ పనేదా? ఈ దీపం ఈడ సగమే కనపడతా ఉండాది, రవ్వంత చూడు" అన్నారు. పోట్లాడటానికి వెళ్లినదాన్ని రెండు గంటలు కూర్చుని, కాఫీ తాగి వచ్చాను.

అది యుద్ధవిమానాల సిమ్యులేటర్. ముసలాయనకు ఈ వయసులో ఆటల పిచ్చేమిటని నవ్వుకున్నాను. కానీ ఆయన శత్రువుల వెంట పడేవారు కాదు. ఎప్పుడూ ఒకే పాత విమానం, ఒకే మైదానం. బాంబులు వేయడం సాధన చేసే చోటది. గురి అద్దంలో వెలిగే చుక్కని నేల మీది తెల్ల వలయం మీద నిలిపి, ముక్కు కిందికి పెట్టి దూకడం, బాంబు వదిలి పైకి లేవడం, అంతే. వైమానిక దళం ఉద్యోగంలో ఆయన అలాంటి విమానాల్లోనే రేడారు, గురి పరికరాలు సరిచూసే ఫిట్టరు. జీవితమంతా విమానాల కింద గడిపినా ఒక్కసారి కూడా వాటిలో ఎగరలేదు. ఎవరో అభిమానులు ఆ పాత విమానాన్ని సిమ్యులేటర్‌లో ఉన్నదున్నట్టు కట్టి పెట్టారని తెలిసి, పింఛను డబ్బుతో ఆ కంప్యూటర్ కొన్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నది నా చదువులో ఎవరూ చెప్పలేదు. పరికరం ఇచ్చే అంకెని నమ్మే ముందు అది ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోమనేవారు. "చూసినావా అని కాదు, నొక్కినావా అని అడుగు" అనేది ఆయన మాట. విమానానికి ఆయుధాలు తగిలించేటప్పుడు పెట్టే పిన్నులకు ఎర్ర రిబ్బను కడతారట, తీయడం మరిచిపోకుండా. ఇంట్లో గ్యాసు రెగ్యులేటరుకీ, నీళ్ల మోటారు స్విచ్చుకీ ఎర్ర రిబ్బన్లు కట్టారు. ఒకసారి సైడ్‌స్టాండ్ తీయకుండా నేను గేటు దగ్గర పడబోతే, మర్నాడు నా స్కూటీ సైడ్‌స్టాండ్‌కి రిబ్బను వేలాడుతోంది. పిన్నిగారు మిక్సీ వేయబోతే రెండు చేతులూ పైకెత్తి నిలబడేవారు. ఆయుధాల స్విచ్ వేసే ముందు కింద ఉన్నవాళ్లు తమ చేతులు దేని మీదా లేవని పైలట్‌కి అలా చూపిస్తారట. ఆవిడ ఆయన్ని చూసి నెత్తి కొట్టుకునేవారు.

ప్రతి దూకుడూ ఒక నోటుబుక్కులో రాసేవారు. చివర్న 'సరిచూసినవారు' అని ఒక గడి. నేను పరిచయమయ్యాక అందులో నా చేత సంతకం పెట్టించేవారు. సరదాకి పెట్టేదాన్ని.

ఒక ఆదివారం, ఎప్పుడూ అదే దూకుడు ఎందుకని విసుక్కున్నాను. ఆయన స్విచ్చులన్నీ ఆపి, ఆయుధాల మెయిన్ ఆఫ్ అని పైకి చెప్పి, అప్పుడు నావైపు తిరిగారు.

ఆ విమానంలో నేలకు ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పే పరికరం ఒకటుంటుంది. పైలట్ పెట్టుకున్న ఎత్తు కంటే కిందికి దిగితే ఎర్రదీపం వెలిగి కూత వస్తుంది. గురి చుక్క మీదే కన్ను ఉన్నవాడికి ఆ కూతే దిక్కు. ఎగరకముందు ఫిట్టరు నిచ్చెన ఎక్కి, లోపలికి వంగి, టెస్ట్ బటన్ నొక్కి, దీపం, కూత రెండూ చూసి కాయితం మీద సంతకం పెట్టాలి. ఉద్యోగంలో ఉండగా ఒక పొద్దున ఆయన వంతుకి మూడు విమానాలు వచ్చాయి. రెండింటికి నొక్కారు. మూడోదానికి పైలట్ అప్పటికే బెల్టు కట్టుకుని తొందరపడుతున్నాడు. రెండూ బాగున్నాయి గదా, ఇదీ బాగుంటుందిలే అని బాబాయిగారు సంతకం పెట్టేశారు. ఆ మూడో విమానం తెల్ల వలయం పక్కన నేలలోకి దిగిపోయింది.

విచారణలో, పైలట్ గురి మీదే కన్నుంచి ఎత్తు మరిచిపోయాడని తేల్చారు. హెచ్చరిక పనిచేస్తోందనేదానికి సాక్ష్యం బాబాయిగారి సంతకమే.

"నా సంతకంతోనే ఆ పిల్లోడిది తప్పని రాసినారు," అన్నారు.

మీరు చెప్పలేదా అని అడిగాను. చెప్పలేదన్నారు. అప్పటికి తనకు పెళ్లయి మూడు నెలలట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో సమర్థింపు లేదు, ఊరికే చెప్పారు.

కూత ఉంచి కొన్నిసార్లు, తీసేసి కొన్నిసార్లు ఎందుకు ఎగురుతున్నారో అప్పుడర్థమైంది. కూత ఉంటే ఆ ముసలి చేతులతో కూడా ఆయన పైకి లేవగలిగేవారు. కూత లేకపోతే చుక్కని చూస్తూ చూస్తూ ప్రతిసారీ నేలలోకి పోయేవారు. వంటింట్లోంచి పిన్నిగారు అడిగే మాట కూడా అప్పుడే తెలిసింది. "ఈసారి బతికినాడా?" అనేవారు ఆవిడ, పప్పు తాలింపు వేస్తూ. కూత వినపడితే బతికినట్టు. ఆ ఇంట్లో ఆదివారాలు అలాగే గడిచేవి.

ఆ ప్లైవుడ్ పెట్టె మీద కూడా టెస్ట్ బటన్ ఒకటి ఉండేది. సిమ్యులేటర్‌లో ఆ విమానాన్ని కట్టినవాళ్లు దాన్ని బొమ్మగా గీసి వదిలేశారు, నొక్కితే ఏమీ జరగదు. అయినా ఆయన ప్రతిసారీ ఎగరకముందు నొక్కి, ఒక క్షణం ఆగి, వచ్చిందా అన్నట్టు తెర వైపు చూసేవారు. దాన్ని పనిచేయించగలవా అమ్మాయ్ అని అడిగారు. వచ్చే ఆదివారం చేస్తానన్నాను. మా ఆఫీసులో ఇలాంటివాటికి 'తక్కువ ప్రాధాన్యం' అని ముద్ర వేసి అట్టడుగున పడేస్తాం. అలాగే పడేశాను. ఏడు నెలలు వచ్చే ఆదివారమే అన్నాను. ఆయన రెండోసారి అడగలేదు.

ఆ మధ్య ఆయన గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పారు. తిండి తగ్గింది, నిద్ర లేదు. పిన్నిగారు మెట్ల దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చారు, ఆ పాడు విమానం ఆయన్ని తినేస్తోందని. నేను ఆ రోజే, నా తెలివికి నేనే మురిసిపోతూ, ఒక పని చేశాను. ఆ విమానం పరికరాల లెక్కలన్నీ మామూలు ఫైళ్లలో ఉంటాయి, ఎవరైనా మార్చొచ్చు. కూత కాస్త ఆలస్యంగా వచ్చేలా మార్చేశాను. ఇక కూత వచ్చినా పైకి లేవడం కుదరదు. హెచ్చరిక పనిచేసి ఉన్నా ఆ పైలట్ దక్కేవాడు కాదని ఆయనే తేల్చుకుంటారు, నిమ్మళంగా నిద్రపోతారు. అదీ నా లెక్క.

అనుకున్నట్టే అయింది. సిమ్యులేటర్‌కి కొత్త అప్‌డేట్ వచ్చిందని, ఇప్పుడు లెక్కలు ఇంకా సరిగ్గా ఉన్నాయని అబద్ధం చెప్పాను. ఆయన కూత ఉంచి ఆరుసార్లు దూకారు, ఆరుసార్లూ కూలారు. వంటింట్లోంచి ప్రశ్న వచ్చింది. లేదు, కూత వచ్చినా బతకలేదు అన్నారు, నెమ్మదిగా, నమ్మలేనట్టు. నోటుబుక్కులో రాశారు. సరిచూసినవారు గడిలో నేను సంతకం పెట్టాను. రెండు వారాలు ఆయన కడుపునిండా తిన్నారు. పిన్నిగారు నాకు గిన్నెడు సేమియా పాయసం పంపారు. సిగ్గులేకుండా తిన్నాను.

మూడో ఆదివారం ఆయనే పిలిచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. దూకు, కానీ చుక్కని చూడొద్దు, దీపాన్ని చూడు అన్నారు. దూకాను. దీపం వెలిగింది. నా భుజం పక్క నుంచి ఆయన ఒకటి, రెండు అని లెక్కపెట్టారు. అప్పుడు కూత వచ్చింది. తర్వాత నేల.

"దీపం, కూత రెండూ ఒకే రిలే స్విచ్చు మీద ఉంటాయమ్మా. దీపం వెలిగినాక కూత రాకుండా ఆగదు," అన్నారు. "ఎవురో చెయ్యి పెట్టినారు."

ఆ రిలే సంగతి నాకేం తెలుసు! ఫైల్లో దీపం ఒక లైను, కూత ఒక లైను. నేను ఒక్కటే మార్చాను. ఒప్పుకున్నాను. అరుస్తారనుకున్నాను, అరిచి ఉంటే బాగుండేది. ఆయన నోటుబుక్కు తీసి నా సంతకాల మీద వేలు పెట్టారు.

"నొక్కకుండా సంతకం పెట్టినోడు ఎట్ల బతుకుతాడో నాకు తెలుసు. నువ్వు అట్ల కావద్దు."

అవమానంతో నాకు కోపం ముంచుకొచ్చింది. ఎన్నిసార్లు దూకినా మీకు ఒరిగేదేముంది, ఆ రోజు ఆ కూత పనిచేసిందో లేదో ఏ సిమ్యులేటరూ చెప్పలేదు, ఆ పరికరం ఎప్పుడో కాలి బూడిదైంది అని గట్టిగా అనేశాను. అనకుండా ఉండాల్సింది.

"అది మొదటి రోజే తెలుసు," అన్నారు. "ఆ పిల్లోడు ఆఖర్న ఏం చూసినాడో చూద్దామని కూర్చునేది."

ఆ సాయంత్రమే ఫైలు మళ్లీ పాతదానిలా మార్చి చెప్పాను. తలూపారు. ఆ తర్వాత ఆయన ఎగరలేదు. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేశారని పిన్నిగారు చెప్పారు. నేను మొహం చెల్లక నాలుగు వారాలు ఆ గుమ్మం తొక్కలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు పనుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఐదో వారం మధ్యలో ఆ మూడు మెసేజీలు వచ్చాయి.

పదకొండో రోజు అయ్యాక పిన్నిగారు ఆ పెట్టెని ఏం చెయ్యాలో చూడమన్నారు. తువ్వాలు తీశాను. నోటుబుక్కులో, కూత మార్చాక నేను సంతకం పెట్టిన ఆ ఆరు వరసలనీ ఆయన స్కేలు పెట్టి కొట్టేసి, పక్కన తన పొట్టి సంతకం చేశారు. దాని కింద ఇంకేమీ రాయలేదు. ఎవరు ఒప్పుకున్నా, ఎవరు క్షమించినా ఆ మూడో విమానం సంగతి ఇక తేలదు. చెప్పగలిగినవాళ్లెవరూ మిగల్లేదు.

కంప్యూటర్ ఆన్ చేసి, లాప్‌టాప్ పక్కన పెట్టుకుని టెస్ట్ బటన్ పని మొదలుపెట్టాను. దీపాన్నీ కూతనీ ఒకే లైనుకి కలిపాను. నలభై నిమిషాలు పట్టింది. ఏడు నెలలు వాయిదా వేసిన పని నలభై నిమిషాలది.

విమానం రన్‌వే పక్కన ఆగి ఉంది, ఇంకా కదల్లేదు. రెండు చేతులూ ఒకసారి పైకెత్తాను, ఎందుకో నాకే తెలియదు. తర్వాత బటన్ నొక్కాను. ఎర్రదీపం వెలిగింది, అదే క్షణంలో కూత వచ్చింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఇన్నేళ్ల అలవాటు మీద పిన్నిగారి గొంతు వినిపించింది.

"ఈసారి బతికినాడా?"

వేలు తీస్తే కూత ఆగిపోతుంది. తీయకుండా అలాగే నొక్కి పట్టుకుని కూర్చున్నాను.