నేను చదును చేసిన మడతలు

2022 చలికాలం. మిషిగన్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో నేను కన్సర్వేటర్‌ని, అంటే పాత పుస్తకాలకూ రాతప్రతులకూ మరమ్మతు చేసే మనిషిని. మా ఊరు నోవై నుంచి మంచులో గంటసేపు డ్రైవ్ చేసి వెళ్లేదాన్ని. ఎంత పాడైన కాగితమైనా నా చేతిలో పడితే బాగుపడి తీరాల్సిందేనని నాకు కాస్త గర్వం. ఇప్పటికీ ఉంది.

ఆ నెల నా బల్ల మీదికి ఒక నవల రాతప్రతిలోని నలభై కాగితాలు వచ్చాయి. రాసినావిడ విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్‌లో ఒక చర్చి పాస్టర్ భార్య. పరువైన ఇంటి ఇల్లాలు నవలలు రాస్తే ఆ రోజుల్లో నలుగురూ ఆడిపోసుకునేవారు. అందుకే ఆమె పుస్తకాలు మగపేరుతో అచ్చయ్యాయి. కాగితాలన్నీ చిన్న చిన్న మడతలు పడి నలిగి ఉన్నాయి. మామూలుగా చేసే ఫ్లాటెనింగ్ చేశాను, అంటే కాగితానికి సన్నగా తేమ పట్టించి బరువు కింద చదును చేయడం. వారం తిరిగేసరికి ఇస్త్రీ చీరల్లా తయారయ్యాయి. చూసి మురిసిపోయాను.

అప్పుడొచ్చింది శ్రావ్య. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, డిగ్రీ చివరి ఏడాదిలో ఆ రచయిత్రి మీదే థీసిస్ రాస్తోంది. నవలలో కథానాయిక తన రాతలను కుట్టుపెట్టెలో దాచుకుంటుంది. రచయిత్రి కూడా మొగుడికి తెలియకుండా అలాగే రాసిందని శ్రావ్య వాదన. అది ఒట్టి ఊహ, ఆధారం చూపించకపోతే ఆ వాదన ఉన్న అధ్యాయం తీసేయమన్నాడు ఆమె ప్రొఫెసర్. గడువు పది రోజులు. రచయిత్రి కుట్టుపెట్టె మా లైబ్రరీలోనే ఉంది. తాను అంతకుముందెప్పుడో ఆ కాగితాల మీద చూసిన మడతలు పెట్టె అడుగు అరకు సరిపోతాయేమో కొలుద్దామని శ్రావ్య స్కేలు పట్టుకుని వచ్చింది. ఫోల్డర్ తెరిచి కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది.

“ఆంటీ, ఫోల్డ్స్ ఏవి?”

“ఫ్లాటెన్ చేశానమ్మా. మడతల దగ్గర కాగితం చిరిగిపోతోంది.”

“ఆమె హజ్బెండ్ చూడకూడదని ఫోల్డ్ చేసింది. మీరు నీట్‌గా ఉండాలని తీసేశారు. నా ప్రూఫ్ అదొక్కటే, ఆంటీ.”

నాకు తల కొట్టేసినట్టయింది. పనికి ముందు ఫొటోలు తీశాను గానీ, పైనుంచి సమానమైన వెలుతురు పడితే మడతలు సరిగ్గా కనపడవు. కానీ కాగితం సంగతి నాకు తెలుసు. మడత పోయినా అక్కడ విరిగిన నార అతుక్కోదు. శ్రావ్యను కూర్చోమని గది లైట్లు ఆర్పేశాను. దీపాన్ని పక్కకు వంచి, కాగితం మీద వెలుతురు ఏటవాలుగా పాకేలా పెట్టాను. రేకింగ్ లైట్ అంటాం దీన్ని. సన్నటి గీతలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

గీతకూ గీతకూ మధ్య దూరం నేను కొలిచి చెబుతుంటే ఆమె రాసుకుంది. తర్వాత పెట్టె అడుగు అర కొలిచింది.

“ఇంత చిన్న ప్లేస్‌లోనా ఆంటీ, అంత పెద్ద నవల?” అంది. ఏడుస్తోంది. నాకూ కళ్లు తడిశాయి.

నలభైలో ముప్ఫై ఏడు కాగితాల మడతలు ఆ అరకు సరిపోయాయి. ప్రొఫెసర్ స్వయంగా వచ్చి దీపం పక్కన వంగి చూసి, అధ్యాయం ఉంచమన్నాడు.

ఆనాటి నుంచి నా బల్ల మీదికి ఏ కాగితం వచ్చినా ముందు పక్క దీపంలో చూస్తాను. దెబ్బతిన్న చోటేదో, ఎవరో కావాలని చేసినదేదో తేల్చుకున్నాకే తేమ పట్టిస్తాను. కొత్తగా చేరినవాళ్లకు ఈ కథ చెప్పి ఆ నలభై కాగితాలూ చూపిస్తాను. ఎంత నున్నగా ఉన్నాయో అంటారు. ఆవిడ భయపడుతూ మడిచిన ఆ మడతలను మళ్లీ వేయడం మాత్రం నాకు చేతకాదు.