నాన్నకి అమీర్‌పేట చూపించిన పూట

అమీర్‌పేటలో ఒక ఆడపిల్ల, ఎవరూ ఏమీ అడక్కుండా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కూర్చోగలిగిన చోట్లు ఎన్ని ఉన్నాయో తెలుసా? నాకు తెలుసు. మూడున్నర. ఒక శాఖా గ్రంథాలయం, ఒక కాలనీ పార్కు, ఒక గుడి మండపం. ఆ సగం ఏమిటంటే ఒక ఇస్త్రీ బండి పక్కనున్న వేపచెట్టు కింది అరుగు. అక్కడ ఎండ ఎక్కేదాకానే కూర్చోగలం.

ఈ పరిశోధన నేను సరదాకి చెయ్యలేదు. కోర్సు పూర్తయ్యాక ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది. మా ఊళ్ళో అమ్మ వీధి వీధంతా మిఠాయి పంచింది. ఆ వెనకే మాంద్యం అన్నారు. చేరాల్సిన తేదీ ఒకసారి వాయిదా పడింది, రెండోసారీ పడింది, మూడోసారి ఒక మెయిల్ వచ్చింది. ఉద్యోగం లేదని పైన రాసి, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు అని కింద రాశారు. నా భవిష్యత్తు వాళ్ళే ఎత్తుకుపోయి, తిరిగి నాకే శుభాకాంక్షలు! ఆ మెయిల్ సంగతి రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే చేరాల్సిన రోజు దాటిపోయింది. అమ్మ ఫోన్ చేసి "చేరావా?" అంది. "ఆఁ" అన్నాను. అంతే, నా ఉద్యోగం మొదలైంది.

హాస్టల్లో మా గదిలో నలుగురం. ముగ్గురూ పొద్దున్నే మెళ్ళో ట్యాగులు వేసుకుని, డబ్బాలు కట్టుకుని వెళ్ళేవాళ్ళు. నేనూ డబ్బా కట్టుకునేదాన్ని. కోచింగ్ సెంటర్ వాళ్ళిచ్చిన ట్యాగు ఉంటే అది తిరగేసి మెళ్ళో వేసుకునేదాన్ని. మైత్రీవనం దగ్గర వాళ్ళు కంపెనీ బస్సులు ఎక్కేవాళ్ళు, నేను వెనక సందులోకి తిరిగేదాన్ని. సాయంత్రం ఇద్దరు పిల్లలకి లెక్కలు చెప్పి హాస్టల్ ఫీజు కట్టుకునేదాన్ని. ట్రైనింగులో జీతం తక్కువని ఇంట్లో చెప్పాను. ఆ పిల్లల దగ్గర నోరు తెరిస్తే మొదటి మాట బొంగురుగా వచ్చేది. పొద్దుటి నుంచి ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడకపోతే గొంతు అలా అవుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఒంటరితనం అంటే కన్నీళ్ళు అనుకునేదాన్ని. కాదు, బొంగురు గొంతు.

నాన్న ఆర్టీసీలో కండక్టరు. సర్వీసు కాగితాల్లో పుట్టిన తేదీ తప్పు పడిందని లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసుకి వచ్చాడు. శుక్రవారం ఆ పని చూసుకుని, తోటి కండక్టరు ఇంట్లో పడుకుని, శనివారం ఎనిమిదింటికల్లా మా హాస్టల్ గేటు ముందు నిలబడ్డాడు. నేను కిందికి దిగి, ఎలా ఉన్నావని అయినా అడక్కుండా, "ఇవాళ ఆఫీసు సెలవు నాన్నా" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

"మంచిదేగా, నీకూ తీరిక" అన్నాడు. "మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాను. ఈ పూట తిప్పు."

"చార్మినార్ వెళ్దామా? ట్యాంక్‌బండ్?"

"చార్మినార్ ఎక్కడికీ పోదు. నువ్వు తిరిగే చోట్లు చూపించు. మీ ఆఫీసు బయటినుంచైనా చూస్తాను. అమ్మ మరీ మరీ చెప్పింది."

సరే, గైడునయ్యాను. పెద్ద రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు, కరపత్రాలు పంచేవాళ్ళు, జెరాక్సు షాపులు. అవి నాన్నకి చూపించేవి కావనిపించింది. పైగా రద్దీలో మాట్లాడుకోవాల్సిన అవసరం రాదు కాబట్టి అక్కడే తిప్పి ఉంటే బతికిపోయేదాన్ని. కానీ నాకు తెలిసిన ఊరు సందులే. ఇన్నాళ్ళుగా ఒక్కదాన్నే చూసిన వాటిని ఇంకొకరికి చూపించాలన్న యావ ఒకటి. పెంకుటిళ్ళ వరస, నూతికి ఇనప చట్రం బిగించిన ఇల్లు, గోడ మీదినుంచి రోడ్డు మీదికి పూలు రాల్చే పారిజాతం... ఉత్సాహంగా చెప్పుకుంటూ పోతున్నాను. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నాడు. "ఇది ఎన్నో స్టేజీ?" అని మధ్యలో వేళాకోళం. ఎన్నో నెలల తర్వాత నేను గట్టిగా నవ్వాను. నవ్వుతూనే ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చేశాం.

"ఏం బిడ్డా, గియాల డబ్బా తేలే?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

ఆయన నాన్నని చూసి పెట్టె పక్కన పెట్టాడు. "బాపునా? దండాలు సార్. మీ బిడ్డ మస్తు నెమ్మది. రోజు గీడనే కూసుంటది, ఎండ కొట్టేదాంక."

"బస్సు కోసం నాన్నా" అన్నాను.

ముప్ఫయ్యేళ్ళు బస్సుల్లో బతికిన మనిషి సందుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి ఆగాల్సిన సందు. "ఇందులోకి బస్సు వస్తుందా?" అన్నాడు.

"కంపెనీ బస్సు. చిన్నది."

నాన్న తల ఊపాడు. నేను ఆయన్ని అక్కణ్ణుంచి దాదాపు లాక్కుపోయాను.

నేను చేసిన తప్పు ఏమిటో అప్పటికీ వెలగలేదు. ఆ వీధుల్లో నన్నెవరూ చూడటం లేదనే అనుకున్నాను. చూడటం లేదనే కదా నా ఏడుపంతా! కాలనీ పార్కు గేటు తీసేసరికి, చీపురు పట్టుకున్న మాలీ ఎదురొచ్చింది. "అక్కా, నీ బల్ల మీద కాకులు ఖరాబు చేసినయి. కడిగిన. జర ఆరనియ్యి" అంది. నా బల్ల! ఆ మాట చాలదన్నట్టు నాన్న వైపు తిరిగి, "ఒక్కతే కూసుంటది సార్. ఫోన్ల సుత మాట్లాడది. ఏమన్న ఫికరుందా అని అడుగుదామనుకుంట, మల్ల ఎందుకులే అని ఊకుంట" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని నెలలూ ఒక్కరోజు ఒక్క మాట అడిగి ఉంటే ఆమె చీపురు పక్కన పడేయించి అన్నీ చెప్పుకునేదాన్నే. అప్పుడు రాని నోళ్ళన్నీ ఇవాళే, నాన్న ముందే, తెరుచుకోవాలా? "మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికి వస్తాను నాన్నా, లోపల ఏసీ పడదు" అన్నాను. అబద్ధాలకి నా దగ్గర అప్పటికి కరువు లేదు. నాన్న తడి బల్లని చేత్తో ముట్టుకుని చూసి, "మంచి నీడ" అన్నాడు.

ఆయనకి తెలియకూడదని ఉంది. తెలిస్తే బాగుండునని కూడా ఉంది. ఈ ప్రపంచంలో నేను నిజం చెప్పగలిగిన మనిషి ఎవరైనా ఉంటే అది నాన్నే. చిన్నప్పుడు పలక పగలగొట్టినా ఆయనకే చెప్పేదాన్ని. ఇప్పుడు నా పక్కనే నడుస్తున్నాడు, మూరెడు దూరంలో.

గ్రంథాలయం సందుని తప్పించాలని చూశాను కానీ, బోర్డు నాన్న కంట్లో పడనే పడింది. "ఇవాళ పేపరు చూళ్ళేదు" అన్నాడు. కొనుక్కుందాం అన్నాను. ఊరికే దొరుకుతుంటే కొనడమెందుకని మెట్లెక్కేశాడు.

గుమ్మంలో బల్ల మీద రిజిస్టరు. వచ్చినవాళ్ళు పేరు, వచ్చిన వేళ, వృత్తి రాసి సంతకం పెట్టాలి. ఆ వృత్తి అన్న గడి ముందు మొదటిరోజు నేను చాలాసేపు ఆగాను. ఏం రాసినా అడిగేవాడు లేడు. కానీ ఊరందరితో ఆడిన అబద్ధం ఆ గీతల పుస్తకంతో కూడా ఆడాలనిపించలేదు. 'నిరుద్యోగి' అని రాశాను. రాశాక ఊపిరి తేలిగ్గా ఆడింది. అప్పటినుంచి ప్రతిరోజూ రాశాను, గుండ్రటి అక్షరాలతో. రోజు మొత్తంలో నేను చెప్పే ఒకే ఒక్క నిజం అది.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని పెన్ను తీశాడు. పై గీతల్లో ముందు రోజుల తేదీలు. కండక్టర్లకి కాగితం మీద వేలు పెట్టి గీత గీతా చదివే అలవాటు. వేలు ఒకచోట ఆగింది. ఆయన పేజీ వెనక్కి తిప్పాడు. మళ్ళీ వెనక్కి. ఇంకోటి. ఎన్ని తిప్పాడో నేను చూడలేదు, దినపత్రికల బల్ల వైపు తిరిగిపోయాను. పేజీ చప్పుడు ఆగాక పెన్ను చప్పుడు వినిపించింది. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చుని పేపరు తెరిచాడు.

పదకొండయ్యేదాకా ఒకే పేజీ చూశాడు.

బయటికొచ్చాక తిడతాడనుకున్నాను. రోడ్డు మీదే చెంప పగలగొట్టినా బాగుండేది. ఆయన మాత్రం రోడ్డు దాటేటప్పుడు, నాకు ఎనిమిదేళ్ళప్పుడు పట్టుకున్నట్టు, మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ ధైర్యంతో అయినా నేను చెప్పాల్సింది. దానికి బదులు గైడు పని ఇంకా జోరుగా మొదలుపెట్టాను. ద్వారకాపురి కాలనీలో చెట్లు చూపించాను, నాగార్జున హిల్స్ ఎత్తు ఎక్కుతూ పాత మేడలు చూపించాను, ఎవరూ అడగని కబుర్లన్నీ చెప్పాను. గొంతు నాదిలా లేదు. నాన్న ఊఁ కొడుతూ వచ్చాడు. పంజాగుట్ట హారన్లు వినిపించేచోట ఆగి, "పద, మీ ఆఫీసు చూద్దాం" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఇంకా ఏ ఆఫీసు? కానీ ఆయన నిజంగానే నిలబడి చూస్తున్నాడు, దారి చూపించమని. పంజాగుట్టలో నేను రోజూ దాటుకుంటూ పోయే ఒక అద్దాల మేడ ఉంది. రోడ్డుకి ఇవతల నిలబడి దాన్ని చూపించాను.

"ఎన్నో అంతస్తు?"

"నాలుగు."

"లిఫ్టు ఉందా?"

"ఉంది."

"కిటికీ పక్కన కూర్చోబెట్టారా?"

"ఆఁ. కిటికీ పక్కనే."

ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అయినా ఒక్కొక్కటీ అడిగాడు, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. ఎందుకు అడుగుతున్నాడో జేబులోంచి ఫోన్ తీశాక తెలిసింది.

"ఆఁ, చూశాను" అంటున్నాడు అమ్మతో. బస్సులో స్టేజీ పేరు అరిచే గొంతుతోనే. "పెద్ద మేడే. నాలుగో అంతస్తు. లిఫ్టులో తీసుకెళ్ళింది. కిటికీ పక్కన సీటు. లోపల చలేస్తోంది బాబూ. వాళ్ళ ఆఫీసరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు నాకు... ఆఁ, ఆఁ, మీ అక్కకి కూడా చెప్పు."

ఆ ఆఫీసరుని నేను చెప్పలేదు. నాన్నే పుట్టించాడు.

సిటీ బస్సు వచ్చింది. ఎక్కే ముందు నా తల మీద చెయ్యి వేసి, "వేళకి తిను" అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక అదే పేవ్‌మెంటు మీద ఎంతసేపు నిలబడ్డానో. నా అబద్ధం నాన్న మోస్తున్నాడు, ప్రేమతోనే మోస్తున్నాడు, కాదనను. కానీ నిజం చెప్పుకోడానికి నాకు మిగిలిన ఒకే మనిషి కూడా ఆ మధ్యాహ్నంతో చేజారిపోయాడు. నా బతుకులో అంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను. హాస్టల్‌కి వెళ్ళి, పట్టపగలు ముసుగు తన్ని పడుకున్నాను.

ఆ తర్వాత ఏడు నెలలకి నిజంగానే ఉద్యోగం వచ్చింది. చిన్న కంపెనీ, టెస్టింగ్ పని. మొదటిరోజు మధ్యాహ్నం గబగబా మెట్లు దిగి ఫోన్ తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ సంగతి చెప్పడానికి నాకెవరూ లేరని. అందరి లెక్కలో నేను ఏడాదిగా ఉద్యోగం చేస్తున్నదాన్నే. గదిలోవాళ్ళకి చెప్పలేను, అమ్మకి చెప్పలేను. నాన్నకి చేశాను.

"నాన్నా, ఇవాళ చేరాను."

అవతల ఇంట్లో సీలింగ్ ఫ్యాను కిర్రుమనడం వినిపిస్తోంది. తర్వాత మెల్లగా, "మంచిది తల్లీ" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది.

"ఎవరండీ ఫోన్‌లో?" అని వంటింట్లోంచి అమ్మ కేక.

"అమ్మాయే" అన్నాడు నాన్న. "ఊరికే చేసింది."