పొగ పట్టిన తేయాకు

కటెరీన టీ మానేసిందన్న కబురు హొకియాంగ రేవుకి ఇవతలి గట్టునున్న ఇళ్లన్నిటికీ రెండు రోజుల్లో పాకిపోయింది. ఎనభై నాలుగేళ్ల మనిషి. పొద్దున్నే ప్రార్థనకి ముందొక కప్పు, ప్రార్థన అయ్యాక ఒక కప్పు, ఆ తర్వాత ఎవరు గుమ్మం తొక్కినా వాళ్ల పేరు చెప్పి ఇంకో కప్పు తాగేది. అలాంటిది, గుండెకని కొత్త మాత్రలు మొదలుపెట్టిన వారానికి కప్పు పక్కకి తోసేసి, "తుప్పు పట్టిన మేకు నాకినట్టుంది" అంది. నీళ్లూ అంతంతమాత్రంగానే తాగేది. పెదవులు ఎండిపోయి, మధ్యాహ్నానికల్లా కళ్లు తిరిగేవి.

కూతురు మకరీత నర్సు. పొద్దున ఏడింటి ఫెర్రీకి అవతలి గట్టు ఆసుపత్రికి వెళ్తే మళ్లీ పొద్దుగూకే వేళకే రాక. "అమ్మ చేత రోజుకి ఐదు కప్పులు ఏదో ఒకటి తాగించు. ఎలా తాగిస్తావో నాకు తెలీదు" అని మొగుడికి చెప్పి వెళ్లిపోయింది.

ఆ మొగుడు రేవి. ముప్ఫై ఏళ్లు దుంగల లారీ నడిపి, నడుం పాడై, అరవై ఒకటో ఏట ఇంటిపట్టున కూర్చున్నాడు. అతనిది తూర్పు తీరం, ఇక్కణ్ణుంచి ఒక పగలంతా ప్రయాణం. అల్లుడై ముప్ఫై రెండేళ్లయినా కటెరీన అతనితో నేరుగా మాట్లాడింది లేదు. ఎదురుగా ఉన్నా సరే, "మకా, నీ లారీవాణ్ణి ఆ కిటికీ వెయ్యమను" అని కూతురికే చెప్పేది. కూతురు ఇంట్లో లేనప్పుడు గోడమీది మేరీమాత పటానికి చెప్పేది.

టీ గురించి రేవికి తెలిసింది తక్కువ. ఫ్లాస్కులో ఏది పోసి ఇస్తే అది తాగి లారీ నడిపినవాడు. మొదటిరోజు కొట్లో కొన్న టీలో నిమ్మతొక్క వేసి ఇచ్చాడు. కటెరీన ఒక గుక్క తాగి పటం వైపు తిరిగింది. "గిన్నెలు తోమిన నీళ్లు" అంది. మర్నాడు అల్లం దంచి వేస్తే, "నాకేం జలుబు చేసిందని?" అంది. పుదీనా వేస్తే, "ఇది తాగేదా, పళ్లు తోముకునేదా?" అంది.

నాలుగోనాడు రేవి ఇంటి వెనక అడవిలోకి పోయి కవకవ అనే మందుమొక్క ఆకు కోసుకొచ్చాడు. ఒక్క మచ్చ లేకుండా, అరచేతి వెడల్పున, నిగనిగలాడే ఆకులు ఏరి మరీ కోశాడు. కడిగి, పాత కిటికీ జాలీ మీద పరిచి, కట్టెల పొయ్యికి పైన వేలాడదీసి ఆరబెట్టాడు. కటెరీన జాలీ మీంచి ఒక ఆకు తీసి వెలుతురుకి ఎత్తి చూసింది.

"చూశావా తల్లీ, పురుగు కూడా ముట్టని ఆకు నాకు తెచ్చాడు" అంది పటంతో.

"శుభ్రంగా ఉన్నవే చూసి కోశానత్తా."

"అక్కడే తెలిసింది నీ తెలివి. ఏ ఆకు మంచిదో నీకంటే పురుగుకి బాగా తెలుసు. చిల్లులు పడ్డది కొయ్యాలి. పొద్దు తగిలే వైపు కొమ్మ చూడాలి. చెట్టుని అడిగి కొయ్యాలి. మీ తూర్పున ఎవరూ చెప్పలేదా?"

చెప్పారు. అతని తల్లీ ఇదే మాట అనేది. తనే మరిచిపోయాడు. అత్త తన మొహం చూసి మాట్లాడిందన్న సంగతి మటుకు అతనికి వంటింట్లోకి వచ్చాక గాని తట్టలేదు.

అప్పణ్ణుంచి రోజూ మూడింటికి కొత్తగా కలిపిన ఆకుల సీసా ఒకటి తెరవడం అలవాటైంది. చిల్లుల కవకవ, మానూక పొద చిగుళ్లు, దొడ్లోని కమలాల తొక్క, కాస్త కొట్టు టీ. ఒక్కోరోజు ఒకటి పెంచి ఇంకోటి తగ్గించేవాడు. ఎంతెంత వేశాడో సీసా మూతమీద రాసుకునేవాడు. ఇంజను చప్పుడు విని దాని జబ్బేంటో పట్టేయగల మనిషి కదా, అత్త గుక్క మింగే తీరు చూసి తక్కువేదో ఎక్కువేదో కనిపెట్టడం మొదలుపెట్టాడు. తిట్టాలంటే ముందు తాగాలి కాబట్టి ఆవిడ సగం సగం కప్పులు తాగుతూనే ఉంది. లారీ దిగిన ఈ రెండేళ్లలో తన చేతి పని కోసం ఎవరైనా గడియారం చూడడం రేవికి ఇదే మొదలు.

తొమ్మిదో సీసా ఆకుతో కాచిన కప్పు ఆవిడ అడుగంటా తాగింది. కవకవ ఎక్కువ, కమలాతొక్క ఇంకాస్త ఎక్కువ.

"చెడ్డగా లేదు" అంది. ఇంకో కప్పు పొయ్యమని చెయ్యి చాపింది. ఆ తర్వాత కాసేపు కప్పులోకి చూస్తూ, "అయినా మా అమ్మమ్మ కాచినట్టు లేదు" అంది.

"ఏం వేసేదత్తా ఆవిడ?"

"కవకవ, మానూక, టీ ఆకు. ఇంకేదో ఉంది. నాలిక మీదే ఉంది గాని పేరు రావట్లేదు. దాని రుచి తగిలితే చాలు, ఈ ఇనపనోరు వదిలిపోతుంది."

ఆ 'ఇంకేదో' కోసం రేవి నెలరోజులు అడవి గాలించాడు. కారపు ఆకు వేశాడు, తేనె వేశాడు, సముద్రపు నాచు కూడా ఎండబెట్టి వేశాడు. నాచు వేసిన రోజు కటెరీన, "పడవ అడుగు నాకినట్టుంది" అని మకరీత దగ్గర ఫిర్యాదు చేసింది. మకరీత పగలబడి నవ్వింది. "అమ్మా, ఈ మధ్య నీ ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాయి, చాలు" అంది.

ఒక శనివారం రేవి దొడ్డి చివర రేకుల గదిలో చేపలకు మానూక చెక్కపొట్టుతో పొగబెట్టి ఇంట్లోకి వచ్చాడు. కుర్చీ పక్కనుంచి వెళ్తుంటే కటెరీన అతని చొక్కా చెయ్యి పట్టుకుని లాగి, ముక్కుకి ఆనించుకుంది.

"ఎక్కణ్ణుంచి వస్తున్నావ్ నువ్వు?"

"చేపల దగ్గర్నుంచి."

"చేప కాదు. దాని కింద ఉన్న వాసన."

రేవికి అర్థమైంది. పాతరోజుల్లో గుడిసెలో, మట్టినేల మీద, మానూక కట్టెల మంటలో తగరపు డబ్బా పెట్టి కాచిన టీ. ఆ అమ్మమ్మ అందులో ఇంకేదీ వెయ్యలేదు. పడింది పొగ.

రేకుల గది మొత్తం కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, టీ ఆకునీ కవకవనీ గుడ్డమీద పరిచి పొగబెట్టాడు. మొదటిసారి మాడింది. రెండోసారి చేప వాసన పోలేదు. మూడోసారి ఆకు పట్టుకుంటే వేళ్లకి వాసన అంటుకుంది. ఆ మధ్యాహ్నం కప్పు తెచ్చి ఇచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి తిట్టు రాదని అతనికి గట్టి నమ్మకం.

తిట్టు రాలేదు. ఆవిడ రెండు గుక్కలు తాగింది. కప్పు జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టింది. "ఇదే" అంది. ఆ మీదట రాత్రి భోజనం దాకా ఎవరితోనూ, గోడమీది పటంతోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఏం తప్పు చేశానా అని రేవి వంటింట్లో సీసాలు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

మర్నాడు మకరీత ఫెర్రీకి వెళ్లాక కటెరీన అతన్ని పిలిచింది.

"అది మళ్లీ కాయకు. కమలాతొక్కదే ఇవ్వు."

"అదేగా అత్తా నువ్వు అడిగింది?"

"రుచి గుర్తుంది గాని, దాని వెనకేముందో గుర్తులేకపోయింది" అంది. "నాకప్పుడు ఆరేళ్లు. అమ్మకి క్షయ. వెనక పాకలో వేరే పడుకోబెట్టారు. ఓ పొద్దున అమ్మమ్మ నాకు పెద్దకప్పు టీ పోసి, చక్కెర వేసింది. ఎన్నడూ వెయ్యలేదు అంతకుముందు. ఇక్కడే కూర్చుని తాగు, కదలకు అంది. అమ్మ నన్ను పిలుస్తూనే ఉంది. నాకు వినపడుతూనే ఉంది. చక్కెర ఉంది కదా అని చివరిదాకా తాగి, అడుగున వేలు పెట్టి నాకి, అప్పుడు లేచాను. అప్పటికే అయిపోయింది."

"ఆరేళ్ల పిల్లవి అత్తా."

"ఆరేళ్లకి పిలుపు వినపడదా?"

రేవి స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. పక్కనే కూర్చున్నాడు. పొయ్యిలో కట్టె విరిగి పడింది. "సీసా పారెయ్యనా?" అని అడిగాడు.

"ఆకుని పారేస్తావా? సిగ్గులేదూ?" అంది ఆవిడ. తర్వాత, "నీ బండి కొండెక్కుతుందా?" అంది.

కొండమీద శ్మశానం. ఊళ్లో ఎవరు పోయినా కటెరీన అక్కడికి వెళ్లేది గాని, కంచె పక్కన తల్లి సమాధి ఉన్న మూలకి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. ఆదివారం పూజ అయ్యాక రేవి ఆవిడని ఎక్కించుకుని వెళ్లాడు. ఫ్లాస్కులు బండిలోనే ఉంచేశాడు, తిండీ టీ ఆ గేటు దాటకూడదని వాళ్ల ఆచారం. తన నడుం ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి ఆవిడకి ఊతమిచ్చి మూలదాకా నడిపించి, వెనక్కి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ ఒంగి ఏదో చెప్తూ ఉండడం కనిపించింది. మధ్యలో ఒకసారి ఎవరితోనో వాదిస్తున్నట్టు చేతికర్ర నేలకి కొట్టింది.

బయటికొచ్చి, వెంట తెచ్చిన సీసా నీళ్లతో ఇద్దరూ చేతులు కడుక్కున్నారు.

"ఏం తెచ్చావ్?"

"రెండూ తెచ్చాను. నీ ఇష్టం."

"పొగది పొయ్యి. చక్కెర వెయ్యి."

బండి తలుపు తెరుచుకుని, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుని, కింద రేవులో పోటు నీళ్లు మడచెట్లలోకి ఎక్కుతుంటే చూస్తూ మెల్లగా తాగింది. కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. కప్పు అడుగున కొంచెం మిగిల్చి గడ్డిమీద పారబోసింది.

ఇంటికి తిరిగొస్తుంటే రెండో మలుపు దగ్గర హఠాత్తుగా అడిగింది.

"మీ అమ్మ ఏం తాగేది?"

ముప్ఫై రెండేళ్లలో ఈ ఇంట్లో ఎవరూ అతన్ని అడగని మాట అది. రేవి బండి వేగం తగ్గించాడు.

"వేడినీళ్లలో డబ్బాపాలు కలుపుకుని తాగేది. ఇంట్లో టీ ఆకు ఉండే రోజులు తక్కువ. ఉన్నా మా నాన్నకే."

"పేరు?"

"మెరెయాన."

ఆ సాయంత్రం కటెరీన మకరీతతో కలిసి జపమాల తిప్పుతూ, పోయినవాళ్ల పేర్లు ఎప్పుడూ చెప్పే వరసలో చెప్పుకుపోయింది. తల్లి, అమ్మమ్మ, మొగుడు, చిన్నప్పుడే పోయిన కొడుకు. ఇంకో పూస జరిపి, "మెరెయాన" అంది. మకరీతకి ఆ పేరెవరిదో ముందు అర్థం కాలేదు. వంటింటి గుమ్మంలో, చేతిలో తువాలుతో కదలకుండా నిలబడ్డ మొగుణ్ణి చూశాక అర్థమైంది.