గిటార్ మీద బొటనవేలి ముద్ర

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఫిబ్రవరి మొదటి వారంలో, మా ప్లాంటులో ఒక డీవియేషన్ విచారణ నాకు అప్పగించారు. ఐర్లండ్‌లో మందుబిళ్లలు తయారుచేసే కంపెనీలో అప్పుడు నేను క్వాలిటీ విభాగంలో సీనియర్‌ని. రాసిపెట్టిన పద్ధతికీ జరిగిన పనికీ తేడా వస్తే దాన్ని డీవియేషన్ అంటారు. కారణం తేల్చి ముప్ఫై పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అప్పటిదాకా ఆ బ్యాచ్ గోదాములో తాళం వెనకే ఉంటుంది.

అవి కడుపులో నెమ్మదిగా కరగాల్సిన బిళ్లలు. పైపూత వేశాక ట్రేలలో పరిచి, ఓవెన్‌లో ఇరవై నాలుగు గంటలు తలుపు తీయకుండా ఉంచాలి. దాన్ని క్యూరింగ్ అంటారు. ఈ బ్యాచ్ పరీక్షలో గబగబా కరిగిపోయింది. ఓవెన్ ఉష్ణోగ్రత గ్రాఫ్ తీసి చూస్తే నాలుగు చోట్ల గీత కిందికి దిగి ఉంది. ఎవరో తలుపు తీశారు. నాలుగూ పగటి షిఫ్టులోనే. ఆ షిఫ్టులో ఓవెన్ దగ్గర ఉన్నది డెక్లన్ ఒక్కడే.

డెక్లన్ ఇరవై ఏళ్లుగా అక్కడ ఆపరేటర్. అడిగితే, "నేను ముట్టుకోనే లేదు" అన్నాడు. గ్రాఫ్ ముందు పెట్టాను. మళ్లీ అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. కారణాల పట్టికలో 'మానవ తప్పిదం' అన్న గడిలో టిక్కు పెడితే నా పని అయిపోతుంది. కానీ అతని పేరు మీద అప్పటికే అలాంటిది ఒకటి ఉంది. రెండోది పడితే తయారీ లైన్ మీది నుంచి తీసేస్తారు. ల్యాబ్ రెండో పరీక్ష ఫలితం రావాలన్న సాకుతో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

నాకసలే కుదురు తక్కువ. నివేదిక రాసుకోమని వారంలో మూడు రోజులు ఇంట్లో ఉండనిచ్చారు. క్లోనీ అనే ఊళ్లోని మా ఇంట్లో మెట్లెక్కుతూ దిగుతూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. మా ఆవిడ సుజాత చూసి చూసి, "ఆ నడిచేదేదో బయట నడవండి, కనీసం పాలయినా వస్తాయి" అంది.

అదే సమయంలో మా అమ్మాయి నిధి గిటార్ చేస్తోంది. ఇక్కడ పదో తరగతి ఈడు పిల్లలకు ట్రాన్సిషన్ ఇయర్ అని, పెద్ద పరీక్షలు లేని ఏడాది ఒకటి ఉంటుంది. ఆ ఏడాది ప్రాజెక్టుగా ఎలక్ట్రిక్ గిటార్ కిట్టు తెప్పించుకుంది. పెట్టెలో రంగు లేని చెక్క బాడీ, మెడ, తీగల ధ్వనిని పట్టే పికప్‌లు, వైర్లు వచ్చాయి. గరుకుకాగితంతో నునుపు చేసింది, నీలం రంగు వేసింది, పైన ఎనిమిది పూతల లక్క కొట్టింది. వాసన తగ్గేదాకా షెడ్‌లో ఉంచింది. కానీ ఆ చెమ్మలో లక్క గట్టిపడదు కదా! అందుకని హాట్ ప్రెస్‌లోకి మార్చింది. వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మారా అది, మామూలు రోజుల్లో తువ్వాళ్లు ఆరేది అందులోనే. తలుపు మీద కాగితం అంటించింది: మూడు వారాలు తెరవరాదు. నేను నేర్పిన పద్ధతిలో లాగ్‌బుక్ కూడా పెట్టింది. ప్రతి పనికీ తేదీ, చేసినవారు, చూసినవారు. మార్చిలో స్కూల్లో ప్రదర్శన.

మేడమీదికి వెళ్లినప్పుడల్లా ఆ తలుపు దగ్గర నా కాలు ఆగేది. మొదట వాసన చూశాను. తర్వాత కొంచెం తెరిచి చూశాను. తొమ్మిదో రోజున, ఎంత గట్టిపడిందో చూద్దామని బొటనవేలితో నొక్కాను. పైకి అద్దంలా ఉన్నా లోపల ఇంకా మెత్తగానే ఉంది. ముద్ర పడింది. కంగారులో చొక్కా చేతితో తుడిచాను. మసకబారింది. తలుపు మూసి కిందికొచ్చి నివేదిక ముందు కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత, తలుపు సరిగ్గా పడకపోవడం గమనించి లోపల చూసిన నిధి, భోజనాల దగ్గర "హూ ఓపెన్డ్ ద హాట్ ప్రెస్?" అంది.

"నేను కాదమ్మా" అనేశాను. ఆలోచించనే లేదు, దానంతటదే వచ్చేసింది.

అది వెళ్లి బాడీ తెచ్చి బల్ల మీద పెట్టింది. మసక అంచున ముద్ర సగం మిగిలే ఉంది. నా బొటనవేలికి అడ్డంగా పాత గాజుకోత ఉంది. ఆ గీత కూడా నిక్షేపంగా పడింది. సుజాత పకపకా నవ్వి, "అడ్డంగా దొరికిపోయారండీ!" అంది. నిధి నవ్వలేదు. కళ్లనీళ్లు పెట్టుకుని, "యూ ఈవెన్ వైప్డ్ ఇట్, డాడ్" అంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఎందుకు తీశావని అడిగింది. లోపల ఏమవుతోందో తెలియక భయమేసింది, చూడకుండా ఉండలేకపోయాను అన్నాను. లాగ్‌బుక్ నా ముందుకు తోసింది. తొమ్మిదో రోజు వరుసలో, తలుపు తీసింది, నొక్కింది, తుడిచింది నాన్న అని రాసి సంతకం పెట్టాను. చూసినవారు అన్నచోట తను పెట్టింది.

సోమవారం డెక్లన్‌ను మీటింగ్ గదికి పిలవలేదు. నేనే ఓవెన్ దగ్గరికి వెళ్లాను. గిటార్ సంగతంతా చెప్పాను, అబద్ధమాడిన ముక్కతో సహా. పడీపడీ నవ్వాడు. తలుపు ఎవరు తీశారని నేను అడగలేదు. ఆ రోజు నీకేం భయమేసింది అని అడిగాను. ఓవెన్ లోపలి ఫ్యాను వింతగా చప్పుడు చేసిందనీ, ఆగిపోతే బ్యాచ్ మొత్తం పోతుందని హడలిపోయాననీ చెప్పాడు. తలుపుకు అద్దం లేదు. తెరిస్తే తప్ప ఫ్యాను తిరుగుతోందో లేదో తెలియదు. "తీసి చూశాను, ఇట్ వాజ్ గ్రాండ్, బాగానే తిరుగుతోంది. మళ్లీ చప్పుడు, మళ్లీ చూశాను" అన్నాడు. అదే వాంగ్మూలంగా రాసి సంతకం పెట్టాడు.

బ్యాచ్ ధ్వంసం చేశారు. తలుపు తీసింది డెక్లన్ అని నివేదికలో రాశాను, దాచలేదు. మూలకారణం మాత్రం, ఫ్యాను తిరుగుతోందో లేదో తెలుసుకునే దారి ఆపరేటర్‌కు లేకపోవడం అని రాశాను. ఓవెన్‌కు అద్దం పెట్టించారు, గంటకోసారి ఫ్యాను చూసి నమోదు చేయాలని పద్ధతిలో చేర్చారు. డెక్లన్ లైన్ మీదే ఉన్నాడు. లక్క ఇంకా పూర్తిగా గట్టిపడలేదని నిధి గిటార్‌ను తీగలు కట్టకుండానే, మచ్చతోనే ప్రదర్శనలో పెట్టింది. పక్కన లాగ్‌బుక్ తొమ్మిదో రోజు పేజీ దగ్గర తెరిచి ఉంది.

ఆ తర్వాత నేను చూసిన ప్రతి పద్ధతిలో 'వేచి ఉండాలి' అని కనిపిస్తే, ఆ వేచి ఉండేవాడు ఏం చూస్తూ ఉండాలో కూడా రాసేదాకా సంతకం పెట్టలేదు. విచారణల్లో 'ఎవరు చేశారు' అన్న ప్రశ్నను అన్నిటికంటే చివరికి జరిపాను. దానికి మొదట వచ్చే జవాబు 'నేను కాదు' అని నాకు తెలుసు, నేనూ అదే చెప్పాను.