అవ్వ అరువిచ్చిన పురుగు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో బడిపంతులుకు గౌరవమూ అలసటా రెండూ దండిగా దొరికేవి. ఇప్పుడు నా దగ్గర రెండోదే మిగిలింది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల వీధిలో పుట్టిన నన్ను పెద్దముడియం దగ్గరి పల్లెలో తాత్కాలికంగా వేశారు. జమ్మలమడుగులో బస్సు మారి, చివరికి నల్లరేగడి బురదలో చెప్పులు చేతబట్టుకుని బడి చేరేసరికి నాకు నోరు తెరిచే ఓపిక ఉండేది కాదు. అయినా ఇన్‌స్పెక్టరు వచ్చి బాగుందంటేనే ఉద్యోగం ఖాయం. లేకుంటే మా నాన్న అంగట్లో గజంబద్ద పట్టుకోవాలి (ఆయన దాంతో బట్టలూ కొలిచేవాడు, నన్నూ కొట్టేవాడు).

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు, "రేపు కీటకాల పాఠం. ఒక పురుగును పట్టుకొని రండి" అన్నాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా పాండిత్యానికి అబ్బురపడ్డారనుకున్నాను.

మరునాడు ఆయన కుర్చీలో కూర్చోగానే, ఒక పిల్ల వాళ్ల అవ్వ మూతికి గుడ్డ కట్టిన కడవతో వచ్చింది.

"అయ్యవారూ, పురుగు కావాలంటివంట. మా గాదె కింద ఉండేది. ఏమీ అనదు. సాయంత్రానికి ఇచ్చెయ్యాల. ఇది లేకుంటే ఎలకలు జొన్నలన్నీ తినేస్తాయి."

ఎలుకలు పట్టే పురుగేమిటా అని నేను ఆలోచించేలోపే గుడ్డ విప్పింది. బారెడు జెర్రిపోతు. పేరెత్తితే వస్తుందని ఆ ఊళ్లో పామును పురుగనే అంటారని నాకు అప్పుడు తెలిసింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ ఎక్కాడు, నేను బల్ల ఎక్కాను. పాము మమ్మల్ని లెక్కచెయ్యకుండా దూలం ఎక్కి బోదగడ్డి కప్పులోకి దూరింది.

"అడిగి తెప్పించుకొని ఈ బయమేందప్పా?" అంది అవ్వ.

"ఏం పాఠమయ్యా ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు కుర్చీ మీంచే.

"సరీసృపాలండీ. వాటివల్ల రైతుకు మేలు..." అన్నాను, ప్రాణం పోయినా ఉద్యోగం పోకూడదని.

"బాగుంది, చాలు" అని ఆయన వీధిలో నిలబడే సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఉద్యోగం ఖాయమైంది. పాము మాత్రం కప్పు దిగలేదు. బడిలో ఎలుకలు లేకుండా పోయాయి, అవ్వ ఇంట్లో పెరిగాయి. "మా పురుగు ఎప్పుడిస్తావప్పా?" అని ఆమె, నేను ఆ ఊరు వదిలేదాకా అడుగుతూనే ఉంది. ఆమె ఎదురొస్తే నేను సందు మారేవాణ్ణి.

ఇప్పుడు రిటైరై ఇంట్లో నడుం వాలిస్తే చాలు, బియ్యం డబ్బా వెనక ఎలుక గీరుతుంది. లేచి తరిమే ఓపిక లేదు. ఆ అవ్వ ఉంటే సిగ్గు విడిచి ఒక పురుగు అరువడిగేవాణ్ణి. "ముందుది యాడప్పా?" అనేది. అందుకే దుప్పటి ముసుగు కప్పుకుని అటు తిరిగి పడుకుంటాను.