మూగవాడన్నారు

తడి పట్టునూలు వాసన తగిలితే నాకిప్పటికీ కోపమే వస్తుంది. తెల్లదొరల కాలంలో ధర్మవరంలోని మా ఇల్లంతా ఆ వాసనే. అమ్మ లేదు. నాయనా, నేనూ, మగ్గమూ. ఆ చప్పుడులో మాట వినపడదు కనుక, నన్ను పిలవాలంటే నాయన మగ్గం కట్టెను తట్టేవాడు. వస్తున్నానని నేను గోడ తట్టేవాణ్ణి. అందరిళ్లలోనూ ఇంతేననుకున్నాను.

బడిలో చేరిన రోజు అయ్యవారు నా పేరు పిలిచారు. నేల తట్టాను. మళ్లీ పిలిచారు. ఇంకా గట్టిగా తట్టాను. పిల్లలు విరగబడి నవ్వారు.

అయ్యవారే నన్ను ఇంటికి తీసుకొచ్చారు. "ఏమప్పా, నీ కొడుకు మూగోడని ముందే చెప్పకూడదా? వీనికి చదువు యాడొస్తాది? మగ్గం కాడ కూర్చోబెట్టుకో."

నేను మూగవాణ్ణి కాదని చెబుతాడేమోనని నాయన వైపు చూశాను. తల వంచుకున్నాడు.

అక్షరాలు తర్వాత అంగళ్ల బోర్డులు చూసి నేనే నేర్చుకున్నాను. ఈ పిల్లవాడు ఎట్లాంటి ఇంట్లో పెరుగుతున్నాడని ఆ పెద్దమనిషి ఒక్క మాటైనా అడగలేదే!

అయ్యవారు వచ్చిపోయిన ఆ సాయంత్రం నాయన మగ్గం ఆపి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఏమన్నా మాట్లాడు నాయనా" అన్నాడు.

ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఏం అడగాలో ఆయనకూ తెలియలేదు. చీకటి పడేదాకా అట్లే కూర్చున్నాం.