మామ జాడీ పక్కన ఎవరు?

మా బట్టీ మామ పోయాడు. ఈ వార్త మా స్టూడియో వాట్సాప్ గ్రూపులో, "నా ఆప్రాన్ ఎవరైనా చూశారా?" అనే మెసేజ్ కింద వచ్చింది. ఆప్రాన్ పోయినావిడ నొచ్చుకుని తన మెసేజ్ వెంటనే తీసేసింది. మామ ఉంటే ఒప్పుకునేవాడు కాదు. "పోయినోడు ఎలాగూ పోయినాడు, ఆ ఆప్రానేదో ఎతకండర్రా" అనుండేవాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. సముద్రం పక్కన వన్ టౌన్‌లో, ఒకప్పటి ఎండుమిరపకాయల గోడౌన్‌లో మా స్టూడియో ఉంది. బొమ్మలు గీసేవాళ్ళం, బట్టల మీద అచ్చులు వేసేవాళ్ళం, మట్టి పిసికేవాళ్ళం అందరం కలిసి వాడుకుంటాం. పై ఊళ్ళ ఆర్టిస్టులు వచ్చి కొన్నేసి నెలలుండి పని చేసుకుంటారు. ఆదివారాలు నాలాంటివాళ్ళకి వర్క్‌షాపులు. వాన పడితే ఇప్పటికీ గోడలు మిరపఘాటు వదులుతాయి. మేం తుమ్ముతూ కళాసేవ చేస్తుంటాం.

మామ పోర్టులో ఓడలకి సరుకెక్కించి రిటైరైన మనిషి. కూతుళ్ళు లేరు. అయినా కుర్రాళ్ళందరినీ "అల్లుడూ" అనేవాడు, మాకేమో కట్నం ఆశ లేని మామ దొరికాడు. సరదాకి మట్టిపని నేర్చుకుందామని వచ్చి బట్టీ దగ్గర స్థిరపడిపోయాడు. ఉన్నది ఒకటే కరెంటు బట్టీ, అందరి కుండలూ అందులోనే కాలాలి. లోపల ఏది ఎక్కడ సర్దాలో మామ చూసుకునేవాడు.

ఇక్కడే చిక్కు. సముద్రం పక్కన ఏదీ ఒక పట్టాన ఎండదు, మీ జీన్స్ ప్యాంటునడిగితే చెబుతుంది. లోపల తడి మిగిలిన కుండ బట్టీలో పేలుతుంది. పేలింది ఊరికే పోదు, పక్కనున్నదాన్ని కూడా తీసుకుపోతుంది. ఈ విద్యలో నా కుండలకి మంచి పేరుంది.

"ఏటల్లుడూ, ఏటిది?" అని మామ చేత్తో బరువు చూసేవాడు. "కుండా, శంకుస్థాపన రాయా?"

"పూలకుండీ మామా."

"మరి పూలెక్కడ పెడతావు? అడుగే పైదాకా ఉంది కదా."

అంటూనే దాన్ని బట్టీలో పెట్టి, పక్కన తన జాడీ పెట్టేవాడు. మామకి చేయడం వచ్చింది ఒక్కటే, ఉప్పు జాడీ. అనుమానంగా ఉన్న ప్రతి కుండ పక్కనా అదే ఉండేది. అందుకే ఆ జాడీల్లో సగం మూతి విరిగి బయటికొచ్చేవి, మిగతా సగం పెంకులుగా వచ్చేవి. "కుండలు సేసే మొగుణ్ణి పెట్టుకుని ఉప్పు ప్లాస్టిక్ డబ్బాలో ఏసుకుంటన్నాను" అని అత్త మా ముందే దెప్పేది. మామ మాత్రం పెంకులు ఊడ్చుకుంటూ కొత్త జాడీకి మట్టి కలుపుకునేవాడు. నన్ను ఇన్నాళ్ళూ ఆ స్టూడియోలోంచి ఎవరూ గెంటేయలేదంటే అది ఆ జాడీల పుణ్యమే.

ఈమధ్య హైదరాబాద్ నుంచి ఒక ఆర్టిస్టు వచ్చింది. ఆవిడ తెల్లమట్టి గిన్నెలు ఎంత పల్చనివంటే వాటి పక్కన తుమ్మాలన్నా భయమే. ఆదివారం కుండలతో కలిపి తనవి కాల్చొద్దని, తనకి వేరే రోజు కావాలని మర్యాదగానే అడిగింది. ఆవిడ తప్పేం లేదు. నా కుండ పక్కన నేనైతే నా చెప్పులు కూడా పెట్టను.

మామ ఆవిడకి టీ అందించి అన్నాడు, "ఇక్కడ ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనుకునే ఉంటాయమ్మా. పక్కింటోడు మంచోడైతేనే కాపురముంటానంటే ఈ ఊరు లేదు."

"నిజమే అంకుల్. కానీ నావి పగిలిపోతాయి కదా?"

"పగుల్తాయి," అని నన్ను చూపిస్తూ వెంటనే ఒప్పేసుకున్నాడు. "కానీ ఆడి కుండ పక్కన ఎవులో ఒకలు ఉండాల కదా. నీకొద్దులే. నానుంటాను."

ఆవిడకి వేరే రోజు ఇచ్చాడు.

మామ పోయాక అరమీద ఒక పచ్చి జాడీ మిగిలింది. చివర్లో చేతులు వణుకుతుండగా చేసింది. ఒక పక్కకి ఒరిగి, అడుగు మందంగా, అచ్చం నేను చేసినట్టే ఉంది. కాలిస్తే పేలుతుందని అందరికీ తెలుసు. కాల్చకుండా దాచి దండ వేద్దామన్నారు కొందరు.

కబురు విని అత్త వచ్చింది. "దండేటి? ఉప్పేసుకోమని నాకు సేసినాడు. కాల్చండి."

"అయితే బట్టీలో అదొక్కటే పెట్టి కాలుద్దాం అత్తా, వేరేవాళ్ళవి పాడవకుండా," అన్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. "మొన్న ఆయన్ని ఒక్కణ్ణే కాల్చి వచ్చినారు కదా అల్లుడూ. మళ్ళీనేటి?"

నేను వెళ్ళి అరమీంచి నా కుండ తెచ్చాను.

జాడీకి ఒక పక్క నా కుండ పెట్టాను. నా కుండ పోతే లోకానికి లాభమే కాబట్టి దీన్ని త్యాగమనకూడదు. రెండో పక్క ఖాళీ. మిగతావాళ్ళంతా ఎవరి కుండలు వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు హైదరాబాద్ ఆవిడ తన గిన్నె తెచ్చింది. ఉన్నవాటిలో పెద్దది.

"మేడమ్, ఈ జాడీ పేలుతుంది," అన్నాను.

"తెలుసు," అని దాన్ని జాడీకి దగ్గరగా జరిపింది.

పేలింది. చల్లారాక తలుపు తీస్తే జాడీకి అడుగు మిగిలింది, చుట్టూ కాస్త గోడ. నా కుండ ఈసారి చెక్కుచెదరలేదు, దాన్ని చంపాలంటే నేవీ రావాలి. అత్త ఆ అడుగుని కొంగుతో తుడిచి, ఎంత లోతుందో వేలు పెట్టి చూసుకుంది. "పిడికెడు కల్లుప్పు పడతాది. సాలు," అని ఒళ్ళో పెట్టుకుంది.

తెల్ల గిన్నె అంచు ఒకచోట ఎగిరిపోయింది. లోపల మామ జాడీ పెంకొకటి, ఎర్రగా, దానిమీద మామ వేలు తిరిగిన గాడితో. ఆవిడ దాన్ని బయటికి తీయలేదు. గిన్నెని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు మెల్లగా నడిచింది. అడుగు వేసినప్పుడల్లా ఆ పెంకు లోపల కొంచెం కదిలి, సన్నగా చప్పుడు చేస్తోంది.